యూకేజీ పట్టభద్రులు

మార్చి వచ్చిందంటే కామారెడ్డిలో కరెంటు స్తంభాలకు కొత్త ఫ్లెక్సీలు వేలాడతాయి. నల్ల గౌను, నెత్తిన పలక లాంటి టోపీ, దానికో కుచ్చు, చేతిలో రిబ్బను కట్టిన కాగితం చుట్ట. దూరం నుంచి చూస్తే ఉస్మానియాలో పీహెచ్‌డీ పట్టా పుచ్చుకున్నవాళ్ళేమో అనిపిస్తుంది. దగ్గరికెళ్తే ఐదేళ్ళ పిల్లలు. టోపీ కళ్ళ మీదికి జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని నవ్వుతుంటారు. యూకేజీ పూర్తి చేశారట. దీని పేరు గ్రాడ్యుయేషన్ డే. ఎల్లారెడ్డిలో కూడా మొదలైంది. అదే ఊళ్ళో నేను పదో తరగతి పాసైన రోజు మా నాన్న పావుకిలో మైసూర్‌పాక్ తెచ్చాడు, అంతటితో పండగ అయిపోయింది.

"ముద్దుగా ఉంటది కదరా, నీకేం బాధ?" అని మా అక్క అడిగింది. ఫోన్లో చెప్తే వినలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలకి చదువంటే మాట. వినడం, అడగడం, అడిగిందే మళ్ళీ అడగడం, జరగనిది జరిగినట్టు చెప్పడం, పక్కవాడితో పోట్లాడి ఎందుకు పోట్లాడాడో వివరించలేక ఏడ్చి, మర్నాడు వివరించగలగడం. అక్షరాలు ఆ మాటల మీద వచ్చి కూర్చుంటాయి. మనం గౌన్లు తొడిగి పండగ చేసుకుంటున్నది మాత్రం, ఆ మాటని ఆపేసి దాని స్థానంలో పెట్టిన ఇంకో పనిని. నా గొడవంతా ఇదే.

మా మేనల్లుడి సంగతే చూడండి. వాడు కామారెడ్డిలో ఒక ప్రైవేటు స్కూల్లో చదువుతాడు. పేరెందుకులెండి, మిగతా వాటికంటే అదేం చెడ్డది కాదు. మూడేళ్ళప్పుడు వాడు చెప్పని కథ లేదు. చెరువులో చంద్రుడు పడితే బర్రె మింగేసిందనీ, అందుకే దాని పాలు తెల్లగా ఉన్నాయనీ నాకు గంటసేపు వాదించి చెప్పాడు. నర్సరీలో చేర్చిన నెలకే టీచరు అక్కని పిలిచి "ఇంట్లో తెలుగు మాట్లాడకండి, బాబు కన్ఫ్యూజ్ అవుతున్నాడు" అంది. మా అక్క ఇంటర్ చదివింది. ఆమెకొచ్చిన ఇంగ్లిష్ 'కమ్, సిట్, ఈట్, స్లీప్' దగ్గర ఆగిపోతుంది. కాబట్టి ఆ ఇంట్లో ఒక తల్లీ కొడుకూ రెండేళ్ళ పాటు ఆ నాలుగు మాటలతో బతికారు. బర్రె కథకి ఇంగ్లిష్ లేదు, అది పోయింది. వాటి బదులు నాలుగు గీతల నోటుబుక్కులు వచ్చాయి, ఎల్‌కేజీలోనే కర్సివ్ రైటింగ్‌తో సహా. వేళ్ళ ఎముకలు ఇంకా గట్టిపడని పిల్లవాడు రాత్రి తొమ్మిదింటికి ఏడుస్తూ పేజీ నిండా చిన్న 'బీ' రాస్తుంటే చూశాను.

గ్రాడ్యుయేషన్ రోజు వాడు స్టేజీ ఎక్కి ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలు చెప్పాడు, ఒక్క తప్పు లేకుండా. చప్పట్లు కొట్టాం. కిందికొచ్చాక నేను అడిగాను.

"ఏం చెప్పినవ్ రా అల్లుడూ?"

"తెల్వది మామా. మిస్ చెప్పుమన్నది."

మా ఆఫీసులో దీన్ని డెమో అంటారు. క్లయింట్ ముందు మూడు స్క్రీన్లు పనిచేస్తే చాలు, వెనకాల డేటాబేస్ ఉందా లేదా ఎవరూ అడగరు. పన్నెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, డెమో ఎలా ఉంటుందో చూస్తే తెలిసిపోతుంది. తేడా ఏంటంటే మేం డెమో అయ్యాక కూర్చుని అసలు పని చేస్తాం.

అయితే ఆ హాల్లో చప్పట్లు కొట్టినవాళ్ళని వెక్కిరించడం సులువు, నాకది ఇష్టం లేదు. మా బావ మస్కట్లో ఉంటాడు. కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపక్కల గల్ఫ్‌కి మనిషిని పంపని ఊరు వెతకాలి. కొడుకు నల్ల గౌనులో ఉన్న ఆ నలభై సెకన్ల వీడియో బావ ఎన్నిసార్లు చూశాడో నాకు తెలుసు. ఆ ఫీజు ఎండలో నిలబడి సంపాదించింది. దానికేదో కంటికి కనిపించే ఫలితం కావాలి. పిల్లవాడు కొత్తగా ఒక ప్రశ్న అడిగితే అది ఫోటోలో పడదు. స్కూళ్ళు ఈ సంగతి కనిపెట్టాయి, ఫోటోలో పడేదే అమ్ముతున్నాయి. బావ మోసపోలేదు, ఆయన కొనగలిగిన వస్తువు బజార్లో అదొక్కటే ఉంది.

ఎల్‌కేజీ, యూకేజీల్లో 'కేజీ' అంటే కిండర్‌గార్టెన్, పిల్లల తోట. 1840లో జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ పెట్టిన పేరు. ఆయన పిల్లలకిచ్చినవి కొయ్య దిమ్మలు, దారపు బంతులు, పాటలు, మట్టి. పదకొండేళ్ళకే, 1851లో, ప్రష్యా ప్రభుత్వం ఆ తోటల్ని నిషేధించింది. నాస్తికత్వం, సోషలిజం నేర్పుతున్నారని అనుమానం. మర్నాటి ఏడాది ఆయన పోయాడు, నిషేధం 1860 దాకా పోలేదు. మనకి నిషేధం అవసరం పడలేదు. బోర్డు మీద తోట అని రాసుకుని లోపల మట్టి లేకుండా బండలు పరిచాం. మాంటిస్సోరి పేరుకీ ఇదే గతి పట్టింది. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకి వచ్చి యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉండి వేలూ కళ్ళూ పనిచేసే చదువు గురించి టీచర్లకి శిక్షణ ఇచ్చింది. ఇవాళ ఆ పేరున్న బోర్డు కింద తూనీగ రెక్కంత పలచటి పిల్లలు బెంచీలకి అతుక్కుని కూర్చుంటారు. భావనగర్‌లో వకీలు పని వదిలేసి బాలమందిరం నడిపిన గిజుభాయి బధేకాని గుజరాతీలు మీసాలున్న అమ్మ అని పిలుచుకున్నారు. ఆయన 'దివాస్వప్న' తెలుగులో 'పగటి కల'గా వచ్చింది. బీఎడ్ చదివినవాళ్ళని అడిగి చూడండి, ఎంతమంది తెరిచారో.

స్కూళ్ళని తిట్టి ఆపేస్తే సగం మాటే అవుతుంది. మిగతా సగం చట్టంలో ఉంది. 1950 నాటి రాజ్యాంగంలో 45వ అధికరణం పద్నాలుగేళ్ళు నిండేవరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య ఇవ్వడానికి ప్రయత్నించాలని చెప్పింది. కింద వయసు గీత ఏదీ లేదు. 1993లో సుప్రీంకోర్టు దాన్ని ప్రాథమిక హక్కు చేసింది. ఆ కేసు పేరు ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. తమాషా ఏంటంటే ఆ కేసులో కోర్టుకెళ్ళింది క్యాపిటేషన్ ఫీజుల కోసం పోరాడుతున్న ప్రైవేటు ఇంజినీరింగ్, మెడికల్ కాలేజీలు. వాళ్ళ గొడవలోంచి పిల్లల హక్కు పుట్టింది. తొమ్మిదేళ్ళకే, 2002లో 86వ సవరణ చేసి, ఆ హక్కుని ఆరు నుంచి పద్నాలుగేళ్ళకి కుదించారు. ఆరేళ్ళ లోపువాళ్ళని మళ్ళీ ఆదేశిక సూత్రాల్లోకి నెట్టారు. 2009 విద్యాహక్కు చట్టంలో 11వ సెక్షన్ మూడేళ్ళు దాటినవాళ్ళ గురించి మాట్లాడుతుంది కానీ, ప్రభుత్వం ఏర్పాట్లు 'చేయవచ్చు' అంటుంది. 'చేయాలి' అనదు. మా అక్క ఆ టీచరు మాటకి తలూపి రావడానికి, ఈ 'వచ్చు'కి సంబంధం ఉంది. హక్కు లేని చోట దుకాణం తెరుచుకుంటుంది.

జాతీయ విద్యావిధానం 2020లో వచ్చింది. మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకూ ఒకే దశ అంది. 2022 అక్టోబరులో ఆ దశకి పాఠ్య ప్రణాళిక చట్రం కూడా వచ్చింది. ఆరేళ్ళలోపు వాళ్ళకి పాఠ్యపుస్తకాలు వద్దు, పరీక్షలు వద్దు, ఇంటి భాషలో మొదలుపెట్టండి అని అందులో స్పష్టంగా ఉంది. కామారెడ్డి స్టేషనరీ దుకాణాల్లో జూన్ నెలలో ఎల్‌కేజీ పుస్తకాల సెట్టు ఎంత బరువుంటుందో ఎవరైనా తూచుకోవచ్చు.

ఇక దుకాణం కానిది ఒకటుంది, అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంతో మొదలైంది. దానికి ఆరు సేవలు అప్పజెప్పారు: అదనపు పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి పంపడం, తల్లులకి పోషణ పాఠాలు, ఇంకా బడి ముందు చదువు. ఆరింట్లో ఒకటి. ఎల్లారెడ్డిలో మా వాడకట్టు అంగన్‌వాడీలో టీచరు ఉదయమంతా ఏం చేస్తుందో ఒక సంక్రాంతి సెలవుల ముందు కూర్చుని చూశాను. బాలామృతం ప్యాకెట్లు లెక్క చూసింది. గుడ్లు లెక్క చూసింది. పిల్లల బరువులు తూచింది. గర్భిణులకి భోజనం పెట్టించింది. ఓటర్ల జాబితా పని గురించి ఎవరో ఫోన్ చేశారు, బూత్ లెవెల్ ఆఫీసరు కూడా ఆవిడే. తర్వాత ఇవన్నీ యాప్‌లో ఎక్కించడానికి సిగ్నల్ కోసం గుమ్మంలో నిలబడింది. ఆ యాప్ రాసింది నాలాంటివాడే, ఏసీలో కూర్చుని. ఒక స్క్రీను నుంచి ఇంకో స్క్రీనుకి పోవడానికి ఎన్ని నొక్కులు పడతాయో లెక్కపెట్టాను, సిగ్గేసింది. పన్నెండుకి పిల్లలు పడుకునే వేళ. మధ్యలో దొరికిన ఇరవై నిమిషాల్లో ఆవిడ పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి "పొద్దున ఏం తిన్నరు, ఎవరు చేసిన్రు?" అని ఒక్కొక్కరినీ అడిగింది. ఒకడు వాళ్ళ తాత కోడిని ఎట్లా పట్టాడో లేచి చేసి చూపించాడు. కామారెడ్డిలో వేలు పోసి కొంటున్న నర్సరీలో నేను చూడని చదువు అది.

2021లో పెంచినప్పుడు ఆవిడకి వచ్చేది నెలకి 13,650 రూపాయలైంది. దాన్ని జీతం అనకూడదు, గౌరవ వేతనం. 2023 సెప్టెంబరులో తెలంగాణ అంగన్‌వాడీలు సమ్మె చేశారు. ఆ డిసెంబరులో ఆంధ్రలో మొదలైన సమ్మె 42 రోజులు నడిచింది, మధ్యలో ఎస్మా ప్రయోగించారు. అంతకు ముందే, 2022 ఏప్రిల్‌లో, అంగన్‌వాడీ కార్యకర్తలకి గ్రాట్యుటీ హక్కుందని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పులో వాళ్ళు చేసేది బడి పని కూడా అని ఒప్పుకుంది. ఇన్ని జరిగినా మన సాహిత్య పత్రికల్లో అంగన్‌వాడీ టీచరు గురించి ఎన్ని కథలొచ్చాయి? పోనీ ఎన్ని వ్యాసాలు?

బడి సంగతి ఇది. ఇంటి చదువు గురించి మాట్లాడినప్పుడల్లా నాకు మా చిన్నమ్మ ఇల్లు గుర్తొస్తుంది. ఆమె బీడీలు చేస్తుంది, ఈ జిల్లాలో వేలమంది ఆడవాళ్ళలాగే. చాట ఒళ్ళో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి. ఆమె మనవరాలికి నాలుగేళ్ళు. ఆ పిల్ల బీడీలు ముట్టదు, ముట్టనివ్వరు. కానీ పక్కన కూర్చుని మాట్లాడుతూనే ఉంటుంది. కట్టకి ఇరవై ఐదు. నాలుగు కట్టలైతే వంద అని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. నాలుగు కట్టలు వరసగా పెట్టి "ఇది ఒక వంద నానమ్మా" అంటుంది. పెద్దాకు, చిన్నాకు, చిల్లుబడ్డాకు వేరే వేరే కుప్పలు. నేను బీడీల పొడిని కీర్తించడం లేదు. ఆ ఘాటుకి చిన్నమ్మ దగ్గు నాకు తెలుసు, 1986 బాలకార్మిక చట్టం బీడీల తయారీని పిల్లలకి నిషేధించిన పనుల్లో పెట్టడం ఎంత సబబో తెలుసు. నేనంటున్నది ఆ ఇంట్లో పొద్దస్తమానం పిల్లతో ఒక పెద్దమనిషి మాట్లాడుతోందని. చేతులు పనిలో ఉన్నా నోరు ఖాళీ కాబట్టి. మా అక్క చేతులు ఖాళీగా ఉన్నా నోరు మూయించారు.

బతుకమ్మ ఇంకా మంచి ఉదాహరణ. దానికి ముందు ఆడపిల్లలు బొడ్డెమ్మ వేస్తారు, మట్టితో అంతస్తులుగా, కింద పెద్దది, పైన చిన్నది. తర్వాత బతుకమ్మకి గునుగు కాడలన్నీ ఒకే పొడుగు కోయాలి, రంగులు అద్దాలి, ఒక వరస తంగేడు, ఒక వరస గునుగు, గుండ్రంగా పేర్చుకుంటూ పైకి పోయేకొద్దీ వలయం తగ్గించాలి. కొలత, వరస, పోలిక, రంగు, సౌష్ఠవం. ఖరీదైన స్కూళ్ళు చెక్క బొమ్మలు తెప్పించి నేర్పేవి ఇవే. మూడేళ్ళ పిల్ల చేతికి గునుగు కట్ట ఇచ్చి, వంకరగా పెట్టనిచ్చి, పడిపోతే మళ్ళీ పెట్టనిస్తే సరిపోతుంది. ఇప్పుడు దసరా సెలవుల ముందు రోజు స్కూళ్ళలో బతుకమ్మ సెలబ్రేషన్స్ జరుగుతాయి. రాత్రి తల్లి పేర్చిన బతుకమ్మ పొద్దున ఆటోలో స్కూలుకి వెళ్తుంది. పట్టు లంగా కట్టుకున్న పిల్లని దాని పక్కన నిలబెడతారు. "ముట్టుకోకు, పడిపోతది" అంటారు. ఫోటో తీస్తారు.

ఈ పాటికి ఒక ప్రశ్న వచ్చి ఉండాలి: ఇంగ్లిష్ చదివి సాఫ్ట్‌వేర్‌లో చేరినవాడివి, మా పిల్లలకి బతుకమ్మ చాలు అంటావా? అనను. ఈ ప్రాంతంలో ఇంగ్లిష్ ఎవరికి దక్కిందో, ఎవరికి దక్కలేదో తెలుసు, అందులో కులం ఎంతో తెలుసు. దళిత బహుజన ఆలోచనాపరులు ఇంగ్లిష్ బడి కావాలని అడగడంలో న్యాయం ఉంది, దాన్ని మాతృభాష పేరుతో అడ్డుకునేవాళ్ళ పిల్లలు ఎక్కడ చదువుతున్నారో కూడా చూస్తున్నాం. నా మాటల్లా, మా మేనల్లుడికి ఇంగ్లిష్ కూడా ఇవ్వలేదని. ఇంగ్లిష్‌లో కథ వినిపించలేదు. ఇంగ్లిష్‌లో అడిగితే జవాబిచ్చే మనిషిని పెట్టలేదు. ఇరవై ఆరు గుర్తులు చేతికిచ్చి రెండేళ్ళు రాయించారు. తెలుగు తీసుకున్నారు, ఇంగ్లిష్ ఇవ్వలేదు, రెంటికీ కలిపి ఫీజు కట్టించుకున్నారు.

తెలుగు భాషాభిమానులతో కూడా నాకు పేచీ ఉంది. మన అక్షరాల పుస్తకాల్లో ఉన్న తెలుగు కామారెడ్డి పిల్లలది కాదు. బొమ్మ కింద గోంగూర అని ఉంటుంది, ఇంట్లో అది పుంటికూర. చొక్కా అని ఉంటుంది, వాడు తొడుక్కున్నది అంగి. మొక్కజొన్న అని ఉంటుంది, వాళ్ళ చేన్లో ఉన్నది మక్క. అంగన్‌వాడీ మెట్టు మీదే పిల్లవాడికి నీ మాట తప్పు అని తెలుస్తుంది. అక్కడ ఇంగ్లిష్ లేకుండానే ఆ పని అయిపోతుంది. జుక్కల్, మద్నూర్ వైపు వెళ్తే ఇంట్లో మరాఠీ, కన్నడ. కామారెడ్డి, బాన్సువాడల్లో ఉర్దూ. లింగంపేట, గాంధారి, ఎల్లారెడ్డి చుట్టూ తండాల్లో గోర్ బోలి. ఆ తండా పిల్లకి తెలుగే పరాయి భాష. 'తల్లి భాషలో చదువు' అని సభ పెట్టేవాళ్ళకి ఏ తల్లి గుర్తొస్తుందో ఒకసారి ఆలోచించుకోవాలి.

మనం, అంటే ఈ పేజీలు చదివే రాసేవాళ్ళం, బాల్యం అంటే ప్రాణం పెడతాం. 'దర్గామిట్ట కతలు', 'మిట్టూరోడి కతలు' నాకూ ఇష్టమే. కానీ అవి బాల్యం గురించి పెద్దవాళ్ళు చదువుకునేవి. 'చందమామ' 1947 నుంచి ఎంత గొప్పగా నడిచినా చదవడం వచ్చిన పిల్లలదే. చలాన్ని 'మైదానం' దగ్గర ఎంత వాదించుకుంటామో, ఆయన 'బిడ్డల శిక్షణ' దగ్గర అంత నిశ్శబ్దంగా ఉంటాం. పిల్లల్ని మనుషులుగా చూడమని తెలుగులో అంత తెగువతో చెప్పిన పుస్తకం అరుదు, అయినా పెళ్ళి మీద చలం కోట్లు తిరుగుతాయి, పిల్లల మీద తిరగవు. మూడేళ్ళవాళ్ళకి చదివి వినిపించే బొమ్మల పుస్తకాలు తెలుగులో అసలు లేవని కాదు. మంచి పుస్తకం, ప్రథమ్, తూలిక లాంటివాళ్ళు వేస్తున్నారు. చాలావరకు అనువాదాలు. కామారెడ్డి పుస్తకాల షాపులో అలాంటిదొకటి అడిగితే కూరగాయల చార్టు చేతిలో పెట్టారు. అచ్చయిన ప్రతి కవితా సంపుటికీ నాలుగు సమీక్షలు వచ్చే చోట, పదహారు పేజీల పిల్లల పుస్తకం మీద, అందులో వాక్యం చెవికి ఎలా ఉంది, బొమ్మ ఏం దాచింది, పిల్ల ఏ పేజీలో ఆపి అడిగింది అని రాసిన సమీక్ష నేను చూడలేదు. అది రాయడానికి ముందు ఒక పిల్లకి చదివి వినిపించాలి, అదొక్కటే కష్టం.

నా టీమ్‌లో లింగంపేట దగ్గరి తండా నుంచి వచ్చిన కుర్రాడున్నాడు. ఈ గొడవంతా క్యాంటీన్లో విని, వారం తర్వాత వాళ్ళమ్మ చెప్పిన నక్క కథని ఫోన్లో రికార్డు చేసి పంపాడు. పదకొండు నిమిషాలు, గోర్ బోలిలో. మధ్యమధ్యలో ఒక చిన్నపిల్ల గొంతు అడ్డుపడుతోంది. మాటలు నాకు అర్థం కావు గానీ అవి ప్రశ్నలని తెలుస్తోంది. ఆమె ఆపి జవాబు చెప్పి మళ్ళీ మొదలుపెడుతోంది. అతను దాన్ని తెలుగు లిపిలో రాస్తున్నాడు, పిల్ల అడిగిన ప్రశ్నలతో సహా ఉంచమన్నాను. పద్నాలుగు పేజీలొచ్చేట్టుంది. నక్కని, తండాని చూసి బొమ్మలు వేసేవాళ్ళు కావాలి. డబ్బులిస్తాం, ఎక్కువ కాదు.